సముద్రపు గాలికి పాత ఫ్లాటు: ఒక కాంక్రీటు మరమ్మతు సంస్థ పనితీరు

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా పాత అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొన్నవారికి రిజిస్ట్రేషన్ ముగిసిన తరువాత ఎదురయ్యే అసలు ఖర్చు వంటగది అలమరలదీ కాదు, గోడల రంగులదీ కాదు. స్లాబుల్లోనూ సన్‌షేడ్లలోనూ కనబడకుండా ఉన్న ఇనుప చువ్వలది. ఎం.వి.పి. కాలనీలో 1990ల చివర కట్టిన ఒక భవనంలో పై అంతస్తు ఫ్లాటును కొన్న తరువాత, పెచ్చులూడుతున్న సన్‌షేడ్లు, బాల్కనీ దూలం, పడకగది పైకప్పు అడుగు భాగం, వీటితోపాటు డాబా మీద నీరు దిగకుండా వేసే పూత, ఇవన్నీ కాంక్రీటు మరమ్మతులు మాత్రమే చేసే ఒక స్థానిక సంస్థకు అప్పగించాము. ఈ సమీక్ష ఆ పని గురించి. సంస్థ పేరు రాయడం లేదు. ఈ రంగంలో ఇంజనీర్లు ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు, పనివాళ్ల ముఠాలు ఒక కాంట్రాక్టరు నుంచి మరొకరికి తరచు మారుతూ ఉంటారు కనుక, పేరు చూసి పని ఇచ్చేవారికంటే పని ఎలా జరుగుతుందో చూసి ఇచ్చేవారికే ఈ వివరాలు ఎక్కువ ఉపయోగపడతాయి.

ముందుగా జబ్బు ఏమిటో చెప్పాలి, లేకపోతే వైద్యం మంచిదో కాదో తేల్చలేము. కాంక్రీటుకు సహజంగా క్షారగుణం ఎక్కువ. ఆ క్షారం వల్ల చువ్వ చుట్టూ ఒక సన్నని రక్షణ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతోపాటు కాంక్రీటులోకి ఇంకి చువ్వను చేరితే ఆ పొర చెదిరిపోతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కూడా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా లోపలికి దిగి క్షారాన్ని తగ్గిస్తుంది. ఆ తరువాత పట్టే తుప్పు అసలు ఇనుముకంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది కనుక, లోపలి నుంచి వచ్చే ఆ ఒత్తిడికి కాంక్రీటు చువ్వ వెంబడే నిలువునా పగిలి, చివరికి పెచ్చుగా ఊడి కింద పడుతుంది. సముద్రతీర వాతావరణానికి గురయ్యే కాంక్రీటును కాంక్రీటు నిర్మాణాలకు భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456, 2000 నాటి ప్రతిలో తీవ్ర పరిస్థితుల కింద చేర్చి, చువ్వపై కనీసం 45 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వను కప్పి ఉంచే కాంక్రీటు మందం, కాంక్రీటు బలానికి కనీసం ఎం 30 గ్రేడు ఉండాలని చెబుతుంది. మా భవనం అంతకుముందు కట్టినది. ఆ రోజుల్లో చువ్వల కింద వాటిని ఎత్తి నిలిపే కవర్ బ్లాకులకు బదులు చేతికి దొరికిన కంకర రాయి పెట్టి స్లాబు పోయడం మామూలు సంగతి. కాంక్రీటు పోసేటప్పుడు ఎవరి కాలో తగిలి ఆ రాయి పక్కకు జరిగితే చువ్వ నేరుగా సెంట్రింగు రేకు మీదకు దిగుతుంది. మా సన్‌షేడ్లలో కొన్నిచోట్ల చువ్వకు, బయటి గాలికి మధ్య గోరు మందం సిమెంటు కూడా లేదు.

ఈ సంగతి కొనుగోలు కాగితాలు వేటిలోనూ కనిపించదు. ఆస్తి మీద తాకట్లు ఉన్నాయో లేవో తెలిపే ఈసీ చూశాము, పాత యజమానుల దస్తావేజులైన లింకు డాక్యుమెంట్లు చూశాము, అవిభాజ్య భూమి వాటా ఎన్ని గజాలో దస్తావేజులో సరిచూసుకున్నాము, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఇంటి పన్ను బకాయిలు లేవని నిర్ధారించుకున్నాము. బ్యాంకు తరఫున వచ్చిన మదింపుదారు కొలతలు తీసుకుని, చుట్టుపక్కల ధరలు విచారించి వెళ్లారు. స్లాబు అడుగున సుత్తితో తట్టి చూడడం ఆయన పని కాదు, ఆయన తట్టనూ లేదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం కట్టడానికి ఏడాది ముందు నుంచే డబ్బు కూడబెట్టుకునే కుటుంబాలు మరమ్మతుల కోసం ఒక్క శాతం కూడా పక్కన పెట్టకపోవడం ఈ ఊళ్లో సర్వసాధారణం. కొత్త ఫ్లాటు కొన్నవారికి స్థిరాస్తి నియంత్రణకు తెచ్చిన రెరా చట్టం కింద, స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లపాటు నిర్మాణ లోపాలను బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయవలసిన బాధ్యత ఉంది. పాతికేళ్లు దాటిన భవనంలో కొన్నవారికి అటువంటి ఆసరా లేదు. సన్‌షేడ్ల అడుగున ఉన్న తుప్పు చారలను చూపించి ధర తగ్గించమని అడిగితే అమ్మినవారు కొంత తగ్గించారు కాబట్టి, ఆ మొత్తాన్నే మరమ్మతుకు కేటాయించుకున్నాము.

ముగ్గురి దగ్గర అంచనాలు తీసుకున్నాము. మొదటి ఇద్దరు కింద నిలబడి తలెత్తి చూసి, అరవై వేల లోపు ఒక అంకె గంపగుత్తగా చెప్పారు. మూడో సంస్థ తరఫున వచ్చిన యువ ఇంజనీరు మాత్రం నిచ్చెన తెప్పించుకుని, చిన్న సుత్తితో స్లాబు అడుగంతా అడుగడుగునా తట్టుకుంటూ వెళ్లారు. గట్టిగా ఉన్నచోట కంగుమని మోగుతుంది. లోపల పొర విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. పైకి ఒక్క పగులు కూడా లేని చోట్ల డొల్ల శబ్దం రావడం, ఆయన సుద్దముక్కతో గీసిన గీత మేము అనుకున్న దానికి రెట్టింపు దూరం సాగిపోవడం అప్పుడే చూశాము. తరువాత ఒకచోట చిన్న ముక్క పగలగొట్టి, ఆ తాజా గాయం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లారు. లోపలి భాగం ముదురు గులాబీ రంగుకు తిరిగింది. బయటి అంచు మాత్రం బూడిద రంగుగానే ఉండిపోయింది. గులాబీ రంగు వచ్చినంతవరకు క్షారం మిగిలి ఉన్నట్టు, రంగు రాని భాగంలో అది హరించుకుపోయినట్టు లెక్క. చువ్వ ఆ రంగు రాని భాగంలోనే ఉంది. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. అయితే ఉప్పు ఎంత చేరిందో ఇది చెప్పదు. అందుకు కాంక్రీటు పొడి తీసి ప్రయోగశాలలో పరీక్షించాలి. ఆ మాట ఇంజనీరే స్వయంగా చెప్పడం మాకు నచ్చింది.

ఈ సంస్థ ఇచ్చిన అంచనా గంపగుత్త కాదు. చదరపు అడుగుకు 380 రూపాయలు, పగలగొట్టిన తరువాత ఇరుపక్షాల ఎదుట కొలిచి బిల్లు, జీఎస్టీ అదనం. చూడడానికి ఇది కొనుగోలుదారుకు నష్టమైన పద్ధతిలా ఉంటుంది, మా ఇంట్లో అందరూ అలాగే అన్నారు. నా అభిప్రాయం దానికి విరుద్ధం. గంపగుత్తకు ఒప్పుకున్న కాంట్రాక్టరుకు తాను పగలగొట్టే ప్రతి అంగుళమూ నష్టమే కనుక, ఊడిపోయిన పెచ్చు వరకే తీసి, పైన సిమెంటు పూసి, రంగు వేసి వెళ్లిపోవడమే అతనికి లాభం. కొలత మీద బిల్లు వేసే సంస్థకు తక్కువ పగలగొట్టవలసిన అవసరం లేదు. ఎక్కువ పగలగొడుతుందేమోనన్న భయం ఉంటుంది, కానీ దానికి విరుగుడు మన చేతిలోనే ఉంది: సుద్దగీత గీసేటప్పుడు మనమూ నిచ్చెన ఎక్కి సుత్తితో తట్టి చూడవచ్చు. కాంక్రీటు ఎక్కడ కంగుమంటోందో వినడానికి ఇంజనీరింగు చదువు అక్కర్లేదు.

పగలగొట్టడం మొదలైన రోజున వంటగది వైపు సన్‌షేడ్ నుంచి పలక లాంటి పెద్ద పెచ్చు ఒకటి ఒకేసారి ఊడి వచ్చింది. అది అసలు కాంక్రీటు కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని అతలాకుతలం చేసిన తరువాత, పగిలిన కిటికీలు మార్చేటప్పుడు సన్‌షేడ్లకు కూడా మామూలు సిమెంటు, ఇసుకతో అతుకు వేయించారని ఎదురింటివారు చెప్పారు. ఆ అతుకు వెనుక తుప్పును తీయలేదు. చువ్వ మీద తుప్పు మడత కాజా పొరల్లా విచ్చుకుని ఉంది. మేస్త్రీ స్క్రూడ్రైవరు మొనతో మీటగానే పొరలు పొరలుగా రాలి, పన్నెండు మిల్లీమీటర్లు ఉండవలసిన చువ్వ పెన్సిలు మందానికి తేలింది. మేస్త్రీది శ్రీకాకుళం జిల్లా. "తుప్పు లోపలెట్టేసి పైన పూత పూసేస్తే ఏటి లాభం బాబూ? మల్లీ రెండేళ్లకి ఊడిపోద్ది. సువ్వ సుట్టూ వేలు తిరగాల," అని తన చిటికెన వేలిని చువ్వ వెనక్కి పోనిచ్చి చూపించాడు. ఈ పనిలోని శాస్త్రమంతా ఆ మాటలోనే ఉంది. చువ్వ ముందువైపు మాత్రమే బయటపెట్టి శుభ్రం చేస్తే వెనుక వైపున మిగిలిన తుప్పు కొత్త పూతను కూడా తోసేస్తుంది. చువ్వ వెనుక ఇరవై మిల్లీమీటర్లకు పైగా ఖాళీ దొరికేవరకు తవ్వవలసిందే.

తరువాతి దశల్లో కూడా సంస్థ తొందరపడలేదు. గాయం అంచులను పలచగా చెక్కి వదిలేయకుండా కటింగ్ మిషనుతో నిటారుగా కోశారు. చువ్వలను వైరు బ్రష్షుతో రుద్ది, ఉప్పు వదిలేవరకు మంచినీటితో కడిగారు. మంచినీరు అన్న మాటను ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, తీరానికి దగ్గరగా చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. పనివాళ్లు అలవాటుగా డాబా మీది బోరు ట్యాంకుకే పైపు తగిలిస్తారు. ఇక్కడ ఇంజనీరు ముందే చెప్పి మున్సిపల్ నీరు డ్రమ్ములో పట్టించారు. మందం నాలుగో వంతుకు మించి తరిగిన చువ్వల పక్కన కొత్త చువ్వలు కట్టారు, బాల్కనీ దూలం కింద జాకీలు నిలిపిన తరువాతే దాన్ని తవ్వారు. జింకు ప్రైమరు పూసి, అది ఆరాక పట్టుకోసం మరొక పూత వేసి, అది తడిగా ఉండగానే మరమ్మతులకు వాడే సిమెంటు మిశ్రమమైన పాలిమర్ మోర్టారును పొరలు పొరలుగా చేతితో అదిమి నింపారు. బస్తాలు మా ఎదుటే విప్పారు. తయారీ తేదీ చూపించారు. బస్తా మీద అచ్చువేసినంత నీరే కొలిచి పోశారు. జారుగా ఉంటే పూయడం తేలిక కనుక ఇంకాస్త నీరు కలపాలని కూలీలకు ఉంటుంది, దానివల్ల బలం తగ్గుతుంది. ఇంజనీరు లేని పూటల్లో కూడా మేస్త్రీ ఈ నియమం తప్పకపోవడం ఈ సంస్థ గురించి చెప్పగలిగిన అతి మంచి మాట.

సుద్దగీతల ప్రకారం సుమారు 140 చదరపు అడుగులు అనుకున్న పని, పగలగొట్టాక 210 అయింది. 53,200 రూపాయల అంచనా 79,800 రూపాయల బిల్లుగా మారింది, దాని మీద 18 శాతం జీఎస్టీ. కొలతలు టేపుతో మా ఎదుటే తీసి, ప్రతి భాగానికి ఫోటో జతచేసి కాగితం ఇచ్చారు కనుక లెక్కలో వివాదం లేదు. కాకపోతే అంచనా ఇచ్చేటప్పుడే, "తవ్వాక సగానికి సగం పెరగవచ్చు, అంత డబ్బు సిద్ధంగా ఉంచుకోండి," అని రాతపూర్వకంగా చెప్పడం ఇటువంటి పని చేసే ప్రతి సంస్థ బాధ్యత. ఇక్కడ ఆ మాట నోటిమాటగా, అదీ సగం పని అయ్యాక వచ్చింది.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది సాంకేతికమైనది. ఉప్పు చేరిన కాంక్రీటులో ఒకచోట అతుకు వేస్తే, అతుకులోని చువ్వ భద్రంగా ఉంటుంది గాని, దాని అంచుకు ఆనుకుని పాత కాంక్రీటులో మిగిలిన చువ్వకు అంతకుముందు కంటే వేగంగా తుప్పు పట్టే ప్రమాదం ఉంది. అందుకే అతుకుల అంచుల్లో, అరచేతిలో ఇమిడే జింకు బిళ్లలను చువ్వకు తీగతో కట్టి మోర్టారులో కప్పివేసే పద్ధతి ఒకటి ఉంది. చువ్వకు బదులు ఆ జింకు అరిగిపోతుంది. సముద్రతీర నగరంలో కాంక్రీటు మరమ్మతులే వృత్తిగా పెట్టుకున్న సంస్థ ఈ విషయాన్ని అంచనాలో ఐచ్ఛికంగానైనా చూపించలేదు. మేమే అడిగితే, "అది ఖర్చెక్కువండీ, ఇళ్లవాళ్లు ఎవరూ వేయించుకోరు," అన్నారు. వేయించుకోవాలో వద్దో ఇంటివాళ్లు నిర్ణయించుకోవాలి. అటువంటిది ఉందని చెప్పడం సంస్థ పని. చివరికి బాల్కనీ దూలానికి మాత్రం పెట్టించుకున్నాము.

రెండోది కాలయాపన. ఏప్రిల్‌లో మొదలై మే మధ్యకు ముగియాల్సిన పని, ముఠాను నడుమ మధురవాడలో మరొక పనికి తరలించడం వల్ల రోహిణి కార్తెలోకి జారింది. రోళ్లు పగిలే ఆ ఎండలో మిట్టమధ్యాహ్నం డాబా మీద నీరు దిగకుండా ఆపే పాలియురేథేన్ పూత వేయడంతో, కాలిన స్లాబులోని తేమ ఆవిరై పైకి తన్ని, పిట్టగోడ పక్కన పూత బొబ్బలెక్కింది. ఫోటో పంపగానే మర్నాడు వచ్చి ఆ భాగం చెక్కివేసి, మళ్లీ పొద్దున్నే వేశారు, మారు మాట్లాడలేదు. అయితే ఈ ఊళ్లో ఈ పూతను సూర్యుడు పైకి రాకముందు మొదలుపెట్టి, తొమ్మిదింటికల్లా ముగించాలని ఈ వృత్తిలో ఉన్నవారికి కొనుగోలుదారు చెప్పవలసిన పరిస్థితి రాకూడదు. మృగశిర కార్తెలో తొలి వాన పడేనాటికి రెండో పూత ఆరడం అదృష్టవశాత్తూ పూర్తయింది. నీరు నిలగట్టి నలభై ఎనిమిది గంటలు పరీక్షిస్తామన్న హామీ మాత్రం నిలబెట్టుకున్నారు. వానగొట్టాల మూతులు బిగించి డాబా నింపి, కింది పైకప్పు మీద చెమ్మ లేదని చూపించారు.

దుమ్ము గురించి రెండు మాటలు చాలు. ఎంత పరదా కట్టినా సిమెంటు దుమ్ము అలమరల్లోకి చేరుతుంది. పెళ్లలను గోనె సంచుల్లో నింపి కిందికి దించారు గాని, ఆ సంచులు గేటు పక్కనే చాలా రోజులు పడి ఉన్నాయి. ఫలితంగా వాచ్‌మన్ నుంచి అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడి వరకు అందరికీ మేమే జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

అధ్యక్షుడి ప్రస్తావన వచ్చింది కాబట్టి, డాబా ఖర్చు సంగతి. ఇది సంస్థ లోపం కాదు గాని, పై అంతస్తు కొనేవారంతా తెలుసుకోవలసినది. డాబా ఏ ఒక్కరి సొత్తూ కాదు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం కూడా కప్పు ఉమ్మడి భాగాల కిందికే వస్తుంది, దాని నిర్వహణ ఖర్చు యజమానులంతా పంచుకోవాలి. చట్టం చెప్పడం వేరు, సమావేశంలో ఒప్పించడం వేరు. "మాస్టారూ, మా ఇంట్లోకేమీ కారడం లేదు కదండీ," అన్న కింది అంతస్తు పెద్దాయనతో వాదించి ప్రయోజనం లేకపోయింది. మెట్ల గది గోడ వెంబడి చెమ్మ రెండో అంతస్తు వరకు ఎలా దిగిందో ఇంజనీరు గోడను తట్టి వినిపించాకే ఆయన మెత్తబడ్డారు. సంస్థ ఇంజనీరు ఆదివారం నాడు వచ్చి, రుసుము అడగకుండా, గంటసేపు అందరి ప్రశ్నలకూ ఓపికగా సమాధానమివ్వడం వల్లనే డాబా ఖర్చు అన్ని ఫ్లాట్లకూ సమానంగా పంచడానికి సంఘం ఒప్పుకుంది. మాకు డబ్బు రూపంలో కలిగిన అతి పెద్ద మేలు ఇదే. ఇది ఏ అంచనా కాగితంలోనూ లేదు.

వారంటీ పత్రం ఐదేళ్లకు ఇచ్చారు. దాన్ని జాగ్రత్తగా చదివితే మరమ్మతు చేసిన భాగానికి మాత్రమే అది వర్తిస్తుంది, ఆనుకుని ఉన్న పాత కాంక్రీటుకు కాదు. తుఫాను వల్ల కలిగే నష్టానికి వర్తించదు. డాబా మీద ఎవరైనా మేకు కొట్టినా, డిష్ యాంటెన్నా బిగించినా చెల్లదు. చివరి షరతు సమంజసమే. తుఫాను షరతు మాత్రం ఈ ఊరికి సరిపోదు, ఎందుకంటే అక్టోబరు, నవంబరు నెలల్లో గాలివాన రాని ఏడాది అరుదు. బేరమాడితే, వాతావరణ శాఖ తీవ్ర తుఫానుగా ప్రకటించినప్పుడు మాత్రమే మినహాయింపు అని చేతిరాతతో సవరించి సంతకం చేశారు. పూత తయారీదారు ఇచ్చే వారంటీ వేరు. అది కావాలంటే ఆ కంపెనీ గుర్తింపు పొందిన వారితో వేయించి, బస్తాల, డబ్బాల బిల్లులు మన పేరు మీద ఉండాలి. ఈ రెండిటినీ కలగలిపి చెప్పే సంస్థలు ఉన్నాయి. ఇది విడదీసి చెప్పింది.

ముగింపు పనిలో నేర్పు తక్కువ. కొత్త మోర్టారు, పాత ప్లాస్టరింగు కలిసే చోట గీత తెలుస్తూనే ఉంది. బాల్కనీ దూలం అంచు ఒకవైపు వంకరగా వచ్చింది. లప్పం, రంగు తమ పని కాదని ముందే చెప్పారు కాబట్టి తప్పుపట్టలేము గాని, ఆ పనికి వేరే పెయింటరును పిలిపించుకునే ఓపిక లేనివారికి ఈ సంస్థ సరిపోదు. పని దగ్గర ఎవరూ ఉండలేని కుటుంబాలకూ సరిపోదు, ఎందుకంటే కాలం విషయంలో వీరిని వెంటపడి అడుగుతూ ఉండాలి. కాంక్రీటు లోపల ఏం జరుగుతోందో తెలుసుకుని, సరైన లోతు వరకు తవ్వించుకోవాలనుకునే వారికి, ముఖ్యంగా లాసన్స్ బే, పెదవాల్తేరు, ఎం.వి.పి. ప్రాంతాల్లో పాతికేళ్లు దాటిన భవనాలున్నవారికి, గంపగుత్త మేస్త్రీలకంటే ఈ తరహా సంస్థ ఎంతో మేలు. ఐదింట నాలుగు నక్షత్రాలు ఇస్తాను. జింకు బిళ్లల గురించి ముందుగా చెప్పి ఉంటే మరో అర ఇచ్చేవాణ్ని.

ఒప్పందంలో పదో వంతు సొమ్ము చివరి వాయిదాగా నిలిపి ఉంచే షరతు మేము అడిగి రాయించుకున్నాము. ఆ సొమ్ము అక్టోబరు వానలు చూసిన తరువాతే ఇస్తామని ఇంజనీరుకు చెప్పాము, ఆయన ఒప్పుకున్నారు. వంకరగా వచ్చిన దూలం అంచును కూడా ఆలోపే సరిచేస్తామన్నారు. ఈ సమీక్ష రాసేనాటికి ఆ పనికి ఇంకా ఎవరూ రాలేదు.